గురి పెట్టింది బుడగకి... చేతికొచ్చింది దువ్వెన!

శివరాత్రికి గోవాడ తిరునాళ్లకు వెళ్లే ఉంటారు. కొల్లూరు చుట్టుపక్కల కుర్రాళ్లలో వెళ్లనివాళ్లు తక్కువ. ప్రభలు చూసి, బాలకోటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకుని, జీళ్లు కొనుక్కున్నాక మీ బ్యాచ్ ఎక్కడ ఆగుతుందో చెప్పనా? బుడగలు పేల్చే స్టాల్ దగ్గర. చెక్కబోర్డు నిండా రంగు రంగుల బుడగలు, ముందో బల్ల, దాని మీద ఎయిర్‌గన్. ఒక పక్క జాయింట్ వీల్ గోల, ఇంకో పక్క మైకు గోల. ఆ గోలలోనే మీరు ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, పదికి ఎనిమిది పేల్చేశారు. ఫ్రెండ్స్ ఈలలేశారు. స్టాల్ అతను బల్ల కింద నుంచి ఓ అట్టపెట్టె లాగి, అందులో కాసేపు వెతికి మీ చేతిలో పెట్టింది ఏమిటయ్యా అంటే... ప్లాస్టిక్ దువ్వెన.

పదికి పది కొడితే ఏమిస్తావని అడిగారు. సబ్బుపెట్టె అన్నాడు.

నవ్వుకుంటూ వచ్చేశారు కదా? ఆ తుపాకీ గొట్టం కొంచెం వంకరగా ఉంటుందని మనందరికీ తెలుసు. అయినా ఎనిమిది ఎలా పడ్డాయి? మొదటి గుండు ఎటు పోయిందో చూసుకున్నారు. రెండోసారి ఆ మేరకు పక్కకి గురిపెట్టారు. అసలు షూటర్లు మ్యాచ్‌కి ముందు చేసే పని కూడా అదే, జీరోయింగ్ అంటారు. మీకు పేరు తెలియదు, పని తెలుసు. దానికి దక్కింది దువ్వెన.

ఉద్యోగాల పేజీలో ఈ దువ్వెన గొడవేంటి అంటారా? వస్తున్నా. ముందు సంక్రాంతి సంగతి చూద్దాం.

జనవరి రాగానే మన లంకల్లో, డెల్టా ఊళ్లలో పోటీల సందడి మొదలవుతుంది. వాలీబాల్, కబడ్డీ, టెన్నిస్ బాల్ క్రికెట్, తాడులాగుడు, ఆడవాళ్లకు ముగ్గులు, పిల్లలకు నిమ్మకాయ-చెంచా. బహుమతులు మాత్రం ఎక్కడ చూసినా స్టీలు కొట్టు నుంచే వస్తాయి. ముగ్గుల్లో ఫస్ట్ వస్తే కుక్కర్, సెకండ్ వస్తే క్యారేజీ, పాల్గొన్న ప్రతివాళ్లకీ ఒక చిన్న గిన్నె. కబడ్డీలో మోకాలు చెక్కుకుపోయేలా ఆడి గెలిచిన ఏడుగురికీ కలిపి ఒక షీల్డు ఇస్తారు. అది ఎవరింట్లో ఉండాలి అన్నదాని మీద జరిగే పోటీ ఫైనల్ కన్నా గట్టిది.

స్టీలు గిన్నె తిప్పి చూడండి. పేరు కొట్టించి ఉంటుంది. మీ పేరు కాదు! కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం, వారి కుమారులు. ఆట మీది, చెమట మీది, పేరు దాతది. తప్పేం లేదు, డబ్బు పెట్టింది ఆయనే. మీ పేరు కొట్టించాలంటే ఎవరు గెలుస్తారో ముందే తెలియాలి కదా. దాన్ని వేరేగా పిలుస్తారు.

ఇంకో రకం ఉంది, మైకు బహుమతి. ఫైనల్ మంచి ఊపులో ఉన్నప్పుడు ఎవరో ఒక పెద్దాయన లేచి, ఇప్పుడు పాయింటు కొట్టిన కుర్రాడికి నా తరఫున ఐదు వందల పదహార్లు అంటారు. చప్పట్లు మోగుతాయి. ఆ పదహార్లు వసూలు చేసుకోవడానికి ఆ కుర్రాడు ఉగాది దాకా తిరగాలి. తిరగడు, మొహమాటం.

నా సంగతీ చెప్పేస్తాను. ఇంటర్‌లో ఉండగా స్లో సైకిల్ పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది. కాలు కింద పెట్టకుండా అందరికన్నా వెనక రావాలి, తెలుసుగా. మొదటి బహుమతి ప్లాస్టిక్ బక్కెట్. రెండోది మగ్గు. బక్కెట్ గెలిచినవాడు, మగ్గు గెలిచిన నేను స్టేజీ మీద పక్కపక్కనే నిలబడి ఫొటో దిగాం. స్నానానికి బయల్దేరినట్టున్నారు అని మా అమ్మ ఒకటే నవ్వు.

మనూరి దాతలకి చేతకాక ఇలా ఇస్తున్నారు అనుకోకండి. అమెరికాలో ట్రాప్ షూటింగ్ అని ఒక ఆట ఉంది. యంత్రం నుంచి సాసరంత పళ్లెం ఒకటి దూసుకొచ్చి మీకు దూరంగా ఎగిరిపోతుంటుంది, దాన్ని షాట్‌గన్‌తో గాల్లోనే పగలగొట్టాలి. ఒకప్పుడు పెట్టెల్లో నుంచి బతికున్న పావురాలను వదిలి కాల్చేవారు. ఆ పెట్టెల పేరే ట్రాప్. 19వ శతాబ్దం చివరికి పావురాల బదులు మట్టి పళ్లేలు వచ్చాయి, అందుకే వాటిని ఇప్పటికీ క్లే పిజియన్ అంటారు. 1900 పారిస్ ఒలింపిక్స్ నాటికి ఇది ఒలింపిక్ ఆట కూడా అయింది.

ఒలింపిక్స్ సంగతి వేరు. ఊరి క్లబ్బుల్లో ఆదివారం జరిగే పోటీల్లో ఏమిస్తారో తెలుసా? పంది మాంసం. నవంబరు వస్తే టర్కీ కోడి. ఆ పోటీల పేర్లే మీట్ షూట్, టర్కీ షూట్. బాగా గురి ఉన్నవాడికి శీతాకాలం మొదలయ్యేసరికి ఫ్రిజ్ నిండిపోతుంది. ఇంకొంచెం పెద్ద పోటీ అయితే బెల్టుకి పెట్టుకునే పెద్ద బకిల్ ఇస్తారు. వేల రూపాయల తుపాకీ, సంచులకొద్దీ తూటాలు, ఇంటికి తెచ్చేది ఒక కోడి. ఆ కోడిని కొట్లో కొనుక్కుంటే ఎంతలో అయిపోతుందో లెక్కేసిన భార్యలు అక్కడా ఉంటారు.

కారణం ఎక్కడైనా ఒకటే. చిన్న పోటీలు నడిచేది ఆడేవాళ్లు కట్టే ఎంట్రీ ఫీజు మీద, నలుగురు దాతల మీద. ట్రాప్‌లో పళ్లేల ఖర్చు, మన దగ్గరైతే నెట్టు, బంతులు, లైట్లు, అంపైర్ భోజనం, మైకు అద్దె పోగా మిగిలిందే బహుమతి. అంటే ఆ గిన్నె మీ ఆటకి కట్టిన ధర కాదు, నిర్వాహకుల దగ్గర మిగిలిన చిల్లర. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం నిరాశ పోతుంది.

మిగతా సగం కోసం మార్గరెట్ ఆబట్ కథ వినండి.

1900లో పారిస్‌లో ఉంటున్న ఒక అమెరికన్ అమ్మాయి తొమ్మిది హోల్స్ గోల్ఫ్ పోటీలో ఆడింది. వాళ్లమ్మ కూడా అదే పోటీలో ఆడింది. 47 స్ట్రోకులతో కూతురు గెలిచింది. బహుమతిగా ఒక పింగాణీ గిన్నె ఇచ్చారు. తెచ్చుకుంది. తర్వాత పెళ్లి చేసుకుంది, పిల్లల్ని పెంచింది, 1955లో చనిపోయింది. ఆ పోటీ ఒలింపిక్స్‌లో భాగమని, ఒలింపిక్ విజేతగా నిలిచిన మొదటి అమెరికన్ మహిళ తనేనని ఆమెకు చివరిదాకా తెలియదు. ఆ ఏడాది ఆటలు ప్రపంచ ప్రదర్శనతో కలిపి నెలల తరబడి ఎంత గజిబిజిగా జరిగాయంటే, ఏది ఒలింపిక్, ఏది కాదు అన్నది ఆడినవాళ్లకే అంతుబట్టలేదు. తర్వాతెప్పుడో ఫ్లోరిడా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకరు పాత కాగితాలు తిరగేసి ఆ సంగతి బయటికి తీసి, ఆమె పిల్లలకు చెప్పారు.

గిన్నె చిన్నదని కాదు ఇక్కడ బాధ. ఏం గెలిచిందో రాసి సంతకం పెట్టిన కాగితం ఆమె చేతిలో లేదు.

ఇంతకీ మీ దగ్గర ఏ కాగితం ఉంది?

ఇప్పుడు అసలు విషయం. క్రీడాకోటా అనగానే చాలామంది ఇంట్లో ఉన్న కప్పులన్నీ లెక్కపెడతారు. సెలక్షన్ బోర్డు కప్పులు చూడదు. కాగితం చూస్తుంది, అందులోనూ కింద ఎవరి సంతకం ఉందో చూస్తుంది.

కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో క్రీడాకారులను తీసుకునేందుకు వీలుంది. దానికి ఫారాలు ఉన్నాయి. దేశం తరఫున ఆడితే ఫారం-1, దాని మీద జాతీయ ఫెడరేషన్ కార్యదర్శి సంతకం కావాలి. రాష్ట్ర జట్టుకి జాతీయ పోటీల్లో ఆడితే ఫారం-2, రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం. యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో ఆడితే ఫారం-3, యూనివర్సిటీలో క్రీడలు చూసే డీన్ లేదా డైరెక్టర్ సంతకం. రాష్ట్ర స్కూలు జట్టుకి జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడితే ఫారం-4, విద్యాశాఖలో క్రీడల బాధ్యత చూసే అధికారి సంతకం. అర్హత ఉన్న క్రీడాకారులకి వయసులో ఐదేళ్ల దాకా, ఎస్సీ ఎస్టీలకైతే పదేళ్ల దాకా సడలింపు కూడా ఉంటుంది.

మరోసారి చదవండి. మండల స్థాయి లేదు. జిల్లా స్థాయి లేదు. కాలేజీల మధ్య జరిగిన పోటీ లేదు. మీ కాలేజీ తరఫున ఆడి నాగార్జున యూనివర్సిటీ పరిధిలో కప్పు కొడితే అది మంచిదే, కానీ కోటాకి పనికొచ్చేది ఆ తర్వాతి మెట్టు. అక్కడి సెలక్షన్స్‌లో నెగ్గి యూనివర్సిటీ జెర్సీ వేసుకుని వేరే యూనివర్సిటీతో ఆడినప్పుడే ఫారం-3 మీది అవుతుంది. చాలామంది కప్పు వచ్చింది చాల్లే అనుకుని సెలక్షన్స్ రోజున ఇంట్లో పడుకుంటారు. పీడీ సారుని అడగాల్సింది, సార్ బహుమతి ఏంటి అని కాదు, సార్ యూనివర్సిటీ సెలక్షన్స్ ఎప్పుడు అని.

మన రాష్ట్ర ఉద్యోగాల్లో క్రీడాకోటా 2 శాతం ఉండేది, 3 శాతానికి పెంచారు. 2025 మెగా డీఎస్సీలో 421 టీచరు పోస్టులు ఈ కోటా కిందికి వచ్చాయి. సర్టిఫికెట్ల పరిశీలన శాప్ చేస్తుంది, ఏ స్థాయి పోటీకి ఎంత ప్రాధాన్యం అన్న వరస ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చాక ఆ వరస చూసుకుని గుండె బాదుకునే కన్నా, డిగ్రీ ఫస్టియర్‌లోనే చూసుకుని ఎక్కడ ఆడాలో తేల్చుకోవడం నయం.

ఇంకో ముచ్చట. గుర్తింపు ఉన్న ఆటల జాబితాలో 2020లో మరికొన్ని చేరాయి. వాటిలో మన సంక్రాంతి తాడులాగుడు ఉంది, టగ్ ఆఫ్ వార్ పేరుతో. షూటింగ్ బాల్ కూడా ఉంది. పేరు చూసి తుపాకీ వెతక్కండి, అది వాలీబాల్‌కి చుట్టం.

బంగారు పూత పూసిన దువ్వెన

తిరునాళ్లలో దువ్వెన ఇచ్చినవాడు నిజాయితీపరుడు. దువ్వెనని దువ్వెన అనే ఇచ్చాడు. భయపడాల్సింది ఇంకొకళ్లకి.

మీ వాట్సాప్‌కి ఒక మెసేజ్ వస్తుంది. ఫలానా గోవాలోనో, నేపాల్‌లోనో ‘జాతీయ’, ‘అంతర్జాతీయ’ ఛాంపియన్‌షిప్. సెలక్షన్స్ ఉండవు. ఎంట్రీ ఫీజు, ట్రాక్‌సూట్, ప్రయాణం, బస కలిపి వేలల్లో కట్టమంటారు. వెళ్తే నిజంగానే మ్యాచ్ ఉంటుంది, మూడు జట్లు ఉంటాయి, ముగ్గురికీ పతకాలు ఉంటాయి. మెడలో బరువైన గోల్డ్ మెడల్, చేతిలో మూడు సింహాలను పోలిన ముద్రతో మెరిసే సర్టిఫికెట్. ఊళ్లో ఫ్లెక్సీ కూడా కడతారు.

నాకు తెలిసిన ఒక కబడ్డీ ఆటగాడికి ఇలాగే జరిగింది. మంచి రైడర్. వాళ్ల నాన్న కౌలుకి పసుపు వేసిన మనిషి, పంట అమ్మిన డబ్బులోంచి తీసి పంపాడు. రెండేళ్ల తర్వాత ఒక ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలనకి వెళ్తే, టేబుల్ అవతల మనిషి ఆ కాగితాన్ని పది సెకన్లు కూడా చూడలేదట. ఈ ఫెడరేషన్‌కి గుర్తింపు లేదు బాబూ అని పక్కన పెట్టేశారు. అదే సమయంలో వాడు యూనివర్సిటీ సెలక్షన్స్‌కి వెళ్లి ఉంటే బస్సు చార్జీలతో అయిపోయేది. తేదీలు రెండూ ఒకే వారంలో పడ్డాయి, వాడు మెడల్ ఉన్న వైపు వెళ్లాడు.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఒక్క పని చేయండి. ఆ ఫెడరేషన్ పేరు కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ గుర్తించిన జాబితాలో ఉందా? అక్షరం అక్షరం చూడండి. ముందో వెనకో ఒక పదం తగిలించి అసలు సంఘంలా వినిపించే పేర్లు పెట్టడం వీళ్లకి అలవాటు. సెలక్షన్స్ లేకుండా రాష్ట్ర జట్టులో చోటు ఇస్తామన్నారంటే ఇంక వెతకాల్సిన పని కూడా లేదు.

ఎనిమిది బుడగలు పేల్చినవాళ్లకి

నిజంగా గురి ఉందనుకునేవాళ్లకి రెండు మాటలు. ట్రాప్‌లో మన తెలుగు నేల పేరు నిలబెట్టింది హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడాడు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023 అక్టోబరు 1న ట్రాప్ జట్టుకి స్వర్ణం, వ్యక్తిగతంగా కాంస్యం తెచ్చాడు. వాళ్ల నాన్న కూడా షూటరే. అదే ఊరి గగన్ నారంగ్ 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం కొట్టాడు.

వాళ్లని చూసి షాట్‌గన్ కొందామని ఇంట్లో గొడవ పెట్టకండి. ట్రాప్ క్వాలిఫికేషన్ అంటేనే 125 పళ్లేలు. ఒక్కో పళ్లేనికి రెండు తూటాల దాకా కాల్చొచ్చు. అంటే ఒక్క మ్యాచ్‌కే 250 తూటాలు దగ్గర పెట్టుకోవాలి. ప్రాక్టీసు లెక్క వేరే. 12 బోరు తుపాకీకి లైసెన్సు సరేసరి. ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ దానికన్నా చాలా తక్కువలో అయిపోతాయి.

అసలు మనలాంటివాళ్లకి దగ్గర దారి ఎన్‌సీసీ. తెనాలిలోనో, బాపట్లలోనో, మీరు చదివే చోట యూనిట్ ఉంటే ఫస్టియర్‌లోనే చేరండి. సి సర్టిఫికెట్‌కి మూడేళ్లు పడుతుంది, ఫైనలియర్‌లో గుర్తొస్తే లాభం లేదు. క్యాంపుల్లో .22 రైఫిల్ పట్టిస్తారు, తూటా ఖర్చు మీది కాదు. బాగా కాల్చేవాళ్లని ఏరి ఎన్‌సీసీ పోటీలకి, ఆపైన జాతీయ స్థాయి మావలంకర్ షూటింగ్ పోటీల దాకా పంపుతారు. అంతదూరం వెళ్లకపోయినా ఆ కాగితం ఊరికే పోదు. ఎస్ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్ నియామకాల్లో సి సర్టిఫికెట్‌కి గరిష్ఠ మార్కుల్లో 5 శాతం, బికి 3, ఏకి 2 శాతం బోనస్ కలుపుతారు. డిగ్రీలో 50 శాతం మార్కులు, సి సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు ఉంటే ఆర్మీ ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి రాత పరీక్ష లేకుండా ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ దారి ఉంది. బుడగల స్టాల్ నుంచి అక్కడిదాకా ఎంత దూరమో మీరే చూసుకోండి.

ఇక కోటా అక్కర్లేని ప్రైవేటు ఉద్యోగాల మాట. అక్కడ ఫారాలు అడగరు. రెజ్యూమెలో ‘క్రీడల్లో అనేక బహుమతులు’ అని రాస్తారు చూడండి, ఆ వాక్యం కొట్టేయండి. దాన్ని ఎవరూ చదవరు. ఏ ఏడాది, ఏ ఆట, ఎన్ని జట్లు, మీ స్థానం ఏంటి, జట్టులో మీరేం చేసేవాళ్లు అన్నది రాయండి. ‘16 జట్ల వాలీబాల్‌లో రెండో స్థానం, నేను సెట్టర్‌ని’ అంటే అడగడానికి వాళ్లకో ప్రశ్న దొరుకుతుంది. ఆడకుండా పోటీలు నడిపినవాళ్లయితే ఇంకా మంచిది. చందాలు వసూలు చేశారు, లెక్క రాశారు, పోలీసుల దగ్గర మైకు పర్మిషన్ తెచ్చారు, అంపైర్ని కొట్టబోయినవాళ్లని ఆపారు. ఇది చిన్న పనా? ఎంబీయే వాళ్లు దీనికి పెద్ద పేర్లు పెట్టి చెబుతారు, మీరు మామూలుగా చెప్పండి చాలు.

నా మొదటి ఇంటర్వ్యూలో, స్కూల్లో కాలేజీలో ఏమైనా గెలిచావా అని అడిగారు. ఇంకేం తట్టక మగ్గు సంగతి చెప్పాను. స్లో సైకిల్లో గెలవాలంటే హ్యాండిల్ కాదు, పక్కవాడి చక్రం కాదు, పది అడుగుల ముందు నేల మీద ఒకే చోట చూడాలని, అలా చూస్తే బండి దానంతటదే నిలబడుతుందని చెప్పాను. ముగ్గురూ నవ్వారు. ఒకాయన మాత్రం నవ్వు ఆపి, నాకు వ్యాసరచనలో సబ్బుపెట్టె వచ్చిందయ్యా, మూత లేదు దానికి అన్నారు. తర్వాత పావుగంట మేం పని గురించే మాట్లాడుకున్నాం, కానీ నా వణుకు అక్కడే పోయింది.

మగ్గు ఇంకా మా ఇంట్లోనే ఉంది. పిడి విరిగితే మా నాన్న తీగ చుట్టాడు, మొక్కలకి నీళ్లు పోస్తారు. బక్కెట్ గెలిచినవాడు ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాడు. పండక్కి ఊళ్లో ఎదురుపడితే యోగక్షేమాలు తర్వాత, ముందు అడిగేది ఒకటే: “ఏరా, మగ్గు ఉందా? మా బక్కెట్ పగిలిపోయిందిరా.”